తెగిందా, తెంపారా

చల్లపల్లి నేతవీధిలో చౌడేశ్వరమ్మ నోటికి జంకని మనిషి లేడు. అలాగని ఆవిడ గయ్యాళి కాదు. ఆవిడ ఎవరినైనా తిట్టగా విన్నవాళ్లు లేరు. ఆవిడ చేసేదల్లా అడగడం. ఎదుటివాళ్లు చెబుతున్నది సగంలో ఆపి "ఎవరు?" అంటుంది. పాలు పొంగిపోయాయంటే, ఎవరు చూసుకోలేదని అడుగుతుంది. సంబంధం చెడిపోయిందంటే, ఎవరు చెడగొట్టారని అడుగుతుంది. ఈ అలవాటు మూలాన పేరంటాల్లో ఆవిడ పక్కన కూర్చోవడానికి ఆడవాళ్లు వెనకాడేవారు. తాంబూలం మాత్రం అందరికంటే ముందు ఆవిడకే ఇచ్చి సాగనంపేవారు.

ఈ అలవాటు ఆవిడకు ఊరికే రాలేదు. ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. మగ్గం మీదికి ఎక్కాల్సిన నిలువు పోగుల్ని పడుగు అంటారు. పొద్దున్నే ఆ పడుగును వీధి పొడుగునా కర్రల మీద బారుగా లాగి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఒక ఇంటి పడుగుకు నాలుగిళ్లవాళ్లు చెయ్యి వేస్తే గాని పని తెమలదు. వీధి అన్నాక మనుషులు నడుస్తారు, గొడ్లు అడ్డం వస్తాయి, పోగులు తెగుతాయి. అలాంటప్పుడు ఎవరి మూలాన పోగు తెగిందో ఆ మనిషి అక్కడే నిలబడి, "నేను తెంపాను" అని నలుగురికీ వినబడేలా చెప్పాలి. ఇంకొకరు వచ్చి ముడి వేసేదాకా ఆ కొసలు రెండూ పట్టుకుని ఉండాలి. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనరు, ఆ మాట మళ్లీ ఎత్తరు. అయితే "తెగింది" అంటే మాత్రం ఆ వీధి ఒప్పుకోదు.

చౌడేశ్వరమ్మకు ఆరేళ్లప్పుడు ఆ సంగతి తెలిసివచ్చింది. పడుగు కింద నుంచి దూరి పరుగెత్తబోయి జడ తగిలించుకుంది. నాలుగు పోగులు టపటపా పోయాయి. "నాన్నా, పోగు తెగింది" అంది.

తండ్రి కుంచె ఆపకుండానే, "పోక్కి కాళ్లున్నాయా తల్లీ, అదే నీ జడ దగ్గరికొచ్చి తెగడానికి?" అన్నాడు.

పిల్ల మొండిది. నోరు విప్పలేదు. కొసలు పట్టుకుని ఎండెక్కేదాకా అలాగే నిలబడింది. చివరికి ఏడుపు, మాట కలిసిపోయి బయటికి వచ్చాయి. "నేను తెంపాను." ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు అన్న ఆదిశేషయ్య ఒక్క ఉరుకున వచ్చి నాలుగు ముళ్లూ వేశాడు. చెల్లెలి ముక్కు తన పైగుడ్డతో తుడిచాడు. అన్నాచెల్లెళ్లంటే వాళ్లలా ఉండాలని వీధిలో చెప్పుకునేవారు.

పెరిగాక ఆవిణ్ణి అదే వీధిలో భావనారాయణకు ఇచ్చారు. ఆయనది నూలుకు రంగులద్దే పని. అందులోనూ చీర అంచులకు వేసే నలుపులో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఆయన అద్దిన నలుపు చీర చిరిగేదాకా వెలవదు. పెళ్లిపీటల మీద చౌడేశ్వరమ్మ మొగుడి మొహం కంటే ముందు ఆయన చేతుల్ని చూసింది. మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ఇంటికి వచ్చాక, "ఇది కడిగితే పోదా?" అని అడిగింది. "పోదు. పోతే నన్నెవరూ పనికి పిలవరు" అన్నాడాయన. ఆయన మాటలే తక్కువ. వాళ్లిద్దరికీ చక్కగా కుదిరింది. ఆవిడ అడుగుతుంది, ఆయన ఒక ముక్కలో చెప్పి ఊరుకుంటాడు.

యుద్ధం అయిపోయి రెండేళ్లు కావస్తున్నా నూలు కరువు తీరలేదు. నూలంతా సర్కారు కంట్రోలు కిందే ఉండేది. నేతగాళ్ల సొసైటీకి వాటా వచ్చేది, సొసైటీ ఇంటింటికీ పంచేది. వాటా కాకుండా చాటుగా అమ్మే నూలును బ్లాకు నూలు అనేవారు. దాన్ని పట్టుకోవడానికి ఢిల్లీవాళ్లు సరుకుల నిఘా దళం అని ఒకటి పెట్టారు. ఏ రాష్ట్రంలోకైనా, ఎవరి ఇంట్లోకైనా వెళ్లే అధికారం దానికి ఉంది. జిల్లా కలెక్టరు కూడా దాన్ని ఇదేమిటని అడగడానికి లేదు. దళం డైరెక్టరుకు జవాబు చెబుతుంది. డైరెక్టరు ఎవరికి చెబుతాడో సరిగా ఎవరికీ తెలియదు. ఆ డైరెక్టరు ఆ ఎండాకాలం తన ఇనస్పెక్టర్లకు ఒక హుకుం పంపాడు. నెలనెలా కేసులు కనబడాలి, కనబడకపోతే సంజాయిషీ ఇచ్చుకోవాలి. పై నుంచి అలా తరిమితే కిందివాళ్లు ఏం చేస్తారో వేరే చెప్పనక్కరలేదు.

అలా తరమబడిన ఇనస్పెక్టరొకడు జీపులో చల్లపల్లి వచ్చాడు. ఉత్తరాది మనిషి. వెంట మద్రాసులో దొరికిన దుబాసీ ఉన్నాడు. ఆ దుబాసీకి తెలుగు వచ్చు, నేతపని గురించి మాత్రం ఏమీ తెలియదు. ఇద్దరూ భావనారాయణ పెరట్లోకి వచ్చి నిలబడ్డారు.

"ఏమయ్యా, ఏం అమ్ముతావు నువ్వు?" అని దుబాసీ అడిగాడు.

"నల్ల నూలండి."

దుబాసీ దాన్ని బ్లాకు నూలు అని ఇంగ్లీషులో చెప్పాడు. ఇనస్పెక్టరు గబగబా కలం తీశాడు.

"ఎవరికి అమ్ముతావు?"

"వీధంతా నా దగ్గరే కొంటారండి. చల్లపల్లిలో నల్ల నూలంటే నేనేనండి."

"ఎన్నాళ్ల నుంచీ?"

"మా నాయన నాటి నుంచీ ఇదే పనండి. ఆయనే నేర్పాడు."

ఇంత మర్యాదగా, ఇంత వివరంగా నేరం ఒప్పుకున్న దొంగను ఆ ఇనస్పెక్టరు తన సర్వీసులో చూసి ఉండడు. తండ్రి నాటి నుంచీ వస్తున్న నల్లబజారు మరి. ఇనస్పెక్టరు మోకాలికి ఆనుకునేంత దగ్గర్లో కాగు ఉంది. అందులో నల్ల రంగు కుతకుత ఉడుకుతోంది. వంగి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

బేడీలు వేసి వీధిలోకి తీసుకొచ్చేసరికి ఆదిశేషయ్య పడుగు చాపి ఉంది. జీపులో వచ్చిన పోలీసులు పక్కకు తప్పుకోలేదు. పడుగు మధ్య నుంచే భావనారాయణను నడిపించుకుపోయారు. పోగులు పదులకొద్దీ తెగి దుమ్ములో పడ్డాయి. ఎవరూ ఆగలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. భావనారాయణే వెనక్కి తిరిగి కొసల వంక చూశాడు. చేతులకు బేడీలు ఉండడంతో వాటిని పట్టుకోలేకపోయాడు.

వారం తిరక్కుండా పత్రికల్లో పడింది. కృష్ణా జిల్లాలో నూలు దొంగల ముఠాను పట్టుకున్నామని డైరెక్టరే ఢిల్లీలో ప్రకటించాడు. ఆ ముఠాలో ఉన్నది భావనారాయణ ఒక్కడే. మూడు నెలలు జైల్లో ఉన్నాడు. ఆయన జైల్లో ఉండగానే స్వరాజ్యం వచ్చింది. వీధిలో జెండా ఎగరేసి మిఠాయి పంచితే చౌడేశ్వరమ్మ తన వాటా మిఠాయిని ఆయన కోసం దాచి, చీమలు పట్టాక పారేసింది. ఆ తర్వాత మేజిస్ట్రేటు ఆధారాలు చాలలేదని ఆయన్ని వదిలేశాడు.

చిక్కంతా ఆ వదిలేయడంలోనే ఉంది. చేయలేదు అనడం వేరు, చేశాడో లేదో తేలలేదు అనడం వేరు. సొసైటీకి ప్రెసిడెంటు ఆదిశేషయ్యే. కేసు మనిషితో రాసుకుపూసుకు తిరిగితే వీధి మొత్తానికి నూలు వాటా ఆగిపోతుందని ఎవరో ఆయన చెవిలో వేశారు. భావనారాయణ ఇంటికొచ్చిన మర్నాడు ఆదిశేషయ్య పడుగు చాపాడు. అటూ ఇటూ ఉన్న ఇళ్లవాళ్లను పేరుపేరునా కేకేశాడు. భావనారాయణ కాళ్లూ చేతులూ కడుక్కుని, పంచె ఎగగట్టుకుని, పిలుపు కోసం గడపలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటికీ పిలుపు రాలేదు. పడుగు ఆరేదాకా చూసి లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజే రంగు కాగు పెరట్లో బోర్లించాడు.

అప్పటి నుంచీ ఆయన వీధిలోకి రాలేదు. గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అడిగినదానికి ఆ ఒక్క ముక్క కూడా చెప్పడం మానేశాడు. వారాలు గడిచేకొద్దీ చేతుల నలుపు వెలవడం మొదలైంది. ముందు మోచేతులు తేలాయి, తర్వాత మణికట్లు. చివరికి గోళ్ల మొదళ్లలో మాత్రం కాస్త నలుపు మిగిలింది. అన్నం వడ్డిస్తూ ఆ చేతులు చూసినప్పుడల్లా చౌడేశ్వరమ్మ ఆ గోళ్లలో నలుపు ఇంకా ఉందో లేదో వెతుక్కునేది. మొగుడు కళ్ల ముందే కొంచెం కొంచెంగా చెరిగిపోతున్నాడని ఆవిడ భయం. ఆయన మళ్లీ వీధిలోకి వచ్చి పడుగు మీద చెయ్యి వేయాలి. ఆవిడకు కావలసింది అంతే.

అన్న దగ్గరికి వెళ్లింది. "అన్నయ్యా, ఆయన్ని పిలవలేదేం?"

"పిలవకూడదని కాదు చౌడమ్మా. ఏదో అలా జరిగిపోయింది."

"ఎవరు జరిపితే?"

ఆదిశేషయ్య మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నాడె విసరడం మొదలుపెట్టాడు. చెల్లెలు వెళ్లిపోయేదాకా ఆపలేదు.

ఆ రోజుల్లోనే ఢిల్లీ సభలో సభ్యుడైన వెంకటకృష్ణారావుగారు చల్లపల్లిలో మీటింగు పెట్టారు. ఆయనది గన్నవరం దగ్గర మోతుబరి కుటుంబం, బెజవాడలో ప్లీడరు. దండలు పడుతున్న సమయంలో చౌడేశ్వరమ్మ జనంలోంచి లేచింది. "ఏవమ్మా, నీకు ఓటుందా?" అని వెంటవచ్చిన వాడొకడు అడ్డం వచ్చాడు. "ఓటు లేదు నాయనా, నోరుంది" అందావిడ. కృష్ణారావుగారికి నవ్వొచ్చింది. నవ్వొచ్చింది కాబట్టి విన్నారు. వింటూ వింటూ నవ్వు మానేశారు.

ఆయన పరోపకారి అని చెప్పను. పత్రికలో పేరు చూసుకోవడం ఆయనకు మహా ఇష్టం. కాని ఢిల్లీలో లేచి అడిగిన మాట నిజం. ఆయన అడగ్గానే తమ తమ ఊళ్ల సంగతులు చెప్పడానికి నాలుగు రాష్ట్రాల వాళ్లు లేచారు. సభ్యులతో ఒక విచారణ సంఘం వేయక తప్పలేదు. సంఘం ఊరూరా తిరిగి, చలికాలంలో బెజవాడ వస్తోందనీ, డైరెక్టరును కూడా పిలిపించి కూర్చోబెడుతున్నారనీ కబురు వచ్చింది.

"నువ్వొచ్చి చెప్పుకోవయ్యా" అని మొగుణ్ణి బతిమాలింది.

చాన్నాళ్లకు ఆయన నోరు విప్పాడు. "నేను మాట్టాడితేనే గదా ఇంతదాకా వచ్చింది. నువ్వెళ్లు."

చౌడేశ్వరమ్మ పెట్టెలో చుట్ట చుట్టి ఉంచిన నల్ల నూలు చిలప ఒకటి కొంగులో ముడేసుకుని బొగ్గు బస్సెక్కింది. ఉయ్యూరులో డ్రైవరు దిగి కుంపటి ఎగదోసేదాకా బస్సు కదల్లేదు. బెజవాడలో బందరు కాలవ పక్కన బంగళా ఎక్కడని అడిగితే, అడిగిన ప్రతివాడూ ఒక్కో దారి చెప్పాడు. చేరేసరికి హాలు కిటకిటలాడుతోంది.

బల్ల వెనక సభ్యులు ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు, మధ్య పరగణాల నుంచి వచ్చిన ముసలాయన. ఒక పక్క కృష్ణారావుగారు. ఎదురుగా విడిగా వేసిన కుర్చీలో డైరెక్టరు. ఆవిడ రాక్షసుడిలాంటి మనిషిని ఊహించుకుంది. తీరా చూస్తే బక్కపలచని పెద్దమనిషి. కళ్ల కింద సంచులు. మాటిమాటికీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఆవిడకు లోపల ఎక్కడో జాలేసింది. జాలేసిందని ఆవిడకు కోపం కూడా వచ్చింది.

కృష్ణారావుగారు ప్రశ్నలు ఇంగ్లీషులో అడుగుతూ, ఆవిడ కోసం తెలుగులో చెబుతూ వచ్చారు. దుబాసీల మీద ఆయనకు నమ్మకం పోయింది. తప్పంతా దుబాసీదేననీ, అతన్ని ఉద్యోగంలోంచి తీసేశామనీ డైరెక్టరు చెప్పాడు.

"అది రంగు పేరని మీకు ఎప్పుడు తెలిసింది?" అని కృష్ణారావుగారు అడిగారు.

"కొద్ది రోజుల్లోనే. ఇనస్పెక్టరే రాశాడు."

"మరి ఆ మనిషిని మూడు నెలలు ఎందుకు ఉంచారు?"

డైరెక్టరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "అప్పటికే పత్రికలకు చెప్పేశాం. వెనక్కి తీసుకుంటే దళం పరువు పోతుందనిపించింది."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. అధ్యక్షుడు చేత్తో సైగ చేసి ఆపాడు. డైరెక్టరు గొంతు సవరించుకుని మరో వాక్యం అన్నాడు.

"ఆయనేమంటన్నారండి?" అని చౌడేశ్వరమ్మ అడిగింది.

"పొరపాటు జరిగిందంటున్నారమ్మా. అందుకు విచారిస్తున్నారట."

"ఎవరు చేస్తే జరిగిందటండీ?"

వెనక జనం నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కొంగు ముడి విప్పి చిలప తీసి బల్ల మీద పెట్టింది. "మా వీధిలో పోగు తెగితే తెగింది అనమండి. తెంపాను అంటాం. ఆ మాటన్నాక ఇంకెవరూ ఏమీ అనరు, పక్కవాడొచ్చి ముడేస్తాడు. ఆ మాట అనకపోతే ముడి పడదు. మీ వాళ్లు మా ఆయన్ని చాపిన పడుక్కి అడ్డంగా నడిపించుకుపోయారు. ఇవాళ్టిదాకా ఎవరూ తెంపామనలేదు. పాపం ఆ దుబాసీ ఉద్యోగం తీసేశారంట. అతనికీ పెళ్లాం పిల్లలు ఉండుంటారు. నాకు ఎవరి ఉద్యోగమూ వద్దండి. తెంపినవారు తెంపాను అంటే చాలు."

దీన్ని ఇంగ్లీషులో పెట్టడానికి కృష్ణారావుగారు తంటాలు పడ్డారు. తెగడానికీ తెంపడానికీ ఆ భాషలో ఒకటే మాటట. రెండింటికీ తేడా ఏమిటని డైరెక్టరు అడిగాడు. కృష్ణారావుగారు చిలపలోంచి ఒక పోగు లాగి అందరూ చూస్తుండగా పుటుక్కున తెంపారు. "మొదటి మాటలో పోగు ఒక్కటే ఉంటుంది. రెండో మాటలో నేను కూడా ఉంటాను" అన్నారు.

డైరెక్టరు ఆ రెండు ముక్కల్నీ చేతిలోకి తీసుకున్నాడు. కావాలంటే మళ్లీ దుబాసీ మీదికే తోసేయవచ్చు. ఇనస్పెక్టరు మీదికి తోసేయవచ్చు. తన మీద కూడా హోదాలో పెద్దవాళ్లు లేకపోలేదు. కాని ఆయన ఆ పని చేయలేదు. మెల్లగా ఏదో అన్నాడు. హుకుం తనదే, తెలిసీ నోరు మూసుకున్నదీ తానేనని కృష్ణారావుగారు తెలుగులో చెప్పారు.

"ఆ మాట ఆయన నోటితో తెలుగులో కావాలండి. ఇంటికి పట్టుకెళ్లాలి" అంది చౌడేశ్వరమ్మ.

అధ్యక్షుడు ఏమనుకుంటాడోనని కృష్ణారావుగారు సందేహించారు. ముసలాయన తలాడించాడు. కృష్ణారావుగారు ఆ రెండు మాటలూ నెమ్మదిగా పలికి నేర్పితే, డైరెక్టరు లేచి నిలబడి ఆవిడ వైపు తిరిగి అన్నాడు. ఉత్తరాది నోరు కదా, దీర్ఘం ఎక్కడ తీయాలో తెలియదు.

"నేనూ తెంపాను."

జనం గొల్లుమన్నారు. చౌడేశ్వరమ్మకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. బల్ల దగ్గరికి వెళ్లి ఆయన చేతిలో ఉన్న కొసలు రెండూ తీసుకుని, మెలేసి ముడి వేసింది. ఆ చిలప అక్కడే వదిలేసి వచ్చింది.

సంఘం తన నివేదికను సభకు ఇచ్చింది. ఏడాదికోసారైనా దళం పెద్ద వచ్చి సభకు జవాబు చెప్పుకోవాలని తీర్మానించారు. డైరెక్టరు తనంతట తానే తప్పుకున్నాడని ఆ తర్వాత పత్రికలో వచ్చింది. ఆ వార్త చదివి వీధిలో కొందరు సంతోషించారు. చౌడేశ్వరమ్మ సంతోషించలేదు. మాటన్నాక ఇంకెవరూ ఏమీ అనకూడదని కదా కట్టుబాటు.

అదంతా తర్వాతి మాట. ఆ రోజు బెజవాడ నుంచి ఆవిడ తిరిగొచ్చేసరికి వీధివాళ్లంతా అరుగుల మీద కాచుకుని ఉన్నారు. ఆదిశేషయ్య కూడా ఉన్నాడు. ఆవిడ ఇంట్లోకి వెళ్లకుండా, లోపల గోడకానుకుని కూర్చున్న మనిషికి కూడా వినబడేలా వీధిలోనే నిలబడి చెప్పింది.

"ఎవరన్నారు?" అని లోపలి నుంచి భావనారాయణ అడిగాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆ ప్రశ్న ఆవిడదే. ఆయన అడగడం అదే మొదలు.

"అందరికంటే పై ఆఫీసరు. నిలబడి, నా మొహం చూసి అన్నాడు."

"ఏమని?"

"నేనూ తెంపాను అని."

"నేనూ అన్నాడా?" అని ఆదిశేషయ్య అరుగు మీద నుంచి అడిగాడు.

"అలాగే అన్నాడన్నయ్యా. ఆయనకు తెలుగు రాదు."

ఆదిశేషయ్య కండువా దులుపుకుని లేచి ఇంట్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న పడుగు చాపింది ఆదిశేషయ్యే. ఇళ్లవాళ్లను పిలిచాడు. చివర చెల్లెలి గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు. భావనారాయణ ఆయన్ని అక్కడ ఎక్కువసేపు నిలబెట్టలేదు. పంచె ఎగగట్టుకుని తనే బయటికి వచ్చాడు. ఇన్ని నెలల తర్వాత తగిలిన ఎండకు కళ్లు చికిలించుకుంటూ పడుగు పక్కకు వెళ్లి, కుంచె అందుకుని దువ్వడం మొదలుపెట్టాడు. చేతులకు పని తప్పి చాలా రోజులైంది. పట్టు తెలియక గట్టిగా లాగాడు. రెండు పోగులు పోయాయి.

వీధంతా ఆగిపోయింది. ఏమంటాడోనని చౌడేశ్వరమ్మ గడపలోంచి ఆయన వంకే చూసింది. జైలు చూసొచ్చిన మనిషి, నిజం చెప్పి బేడీలు వేయించుకున్న మనిషి. భావనారాయణ కొసలు రెండూ తన తెల్లబడిన వేళ్ల మధ్య ఎత్తి పట్టుకున్నాడు.

"నేను తెంపాను" అని గట్టిగా అన్నాడు.

ఆదిశేషయ్య గంజి చేతులతోనే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆ కొసలు అందుకుని ముడి వేయబోయాడు. గంజి వేళ్లకు పోగు జారి ముడి పడలేదు.

"నేనూ తెంపాను బావా" అన్నాడు, నలుగురికీ వినబడేలా.

భావనారాయణ ఏమీ అనలేదు. ఆ వీధిలో ఆ మాటన్నాక ఎవరూ ఏమీ అనరు. బావమరిది చేతుల మీదుగా తన చెయ్యి పోనిచ్చి, ముడి తనే వేశాడు. చౌడేశ్వరమ్మ పెరట్లోకి వెళ్లి, బోర్లించి ఉన్న కాగును తిరగేసి, నీళ్లు పోసి పొయ్యి రాజేసింది.